లేకాక్ వీధుల పాత పోస్టుకార్డులు: ఎప్పటివి, ఎక్కడ నిలబడి తీసినవి?

చిప్పెనమ్ వాసి
(మే చివరి ఆదివారం, రాత్రి)

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఇంగ్లండులో విల్ట్‌షైర్ కౌంటీలోని చిప్పెనమ్‌లో ఉంటున్నాను. మా ఊరికి దక్షిణాన మూడు మైళ్ల దూరంలో లేకాక్ అనే పల్లె ఉంది. నాలుగే వీధులు: హై స్ట్రీట్, చర్చ్ స్ట్రీట్, ఈస్ట్ స్ట్రీట్, వెస్ట్ స్ట్రీట్. చతురస్రంలా ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ఊరి చివర ఆబీ, అంటే 13వ శతాబ్దంలో సన్యాసినుల మఠంగా మొదలై తరువాత జమీందారుల ఇల్లుగా మారిన భవనం. సెలవు దొరికినప్పుడల్లా అక్కడికి నడిచి వెళ్తాను.

ఈ రోజు పాత సామాన్ల సంతలో ఒక పెద్దాయన దగ్గర అట్టపెట్టెలో ఏడు బొమ్మలు దొరికాయి. ఆరు పోస్టుకార్డులు, ఒకటి మామూలు ఫోటో. ఏడూ లేకాక్‌వే.

1. హై స్ట్రీట్. వీధి నడిమధ్యన ముగ్గురు పిల్లలు, వెనక గుర్రపు బండి. ఒక ఇంటి మేడ కిటికీ మీద సిరాతో × గుర్తు.
2. చర్చ్ స్ట్రీట్. చెక్క చట్రాల ఇళ్లు.
3. వాగు, దాని పక్కన కాలినడకకు చిన్న రాతి వంతెన.
4. ఆబీ దక్షిణపు గోడ, పొడుచుకు వచ్చిన కిటికీలు.
5. ఏ వీధో తెలియని సందు, గోడకు ఆనించిన సైకిలు.
6. ధాన్యపు కొట్టం. చాలా మసక.
7. రంగుల ఫోటో. మట్టి వీధి, నాలుగు గుర్రాల కోచి, పాతకాలపు అంగడి బోర్డులు. అన్నింటికంటే పాతది ఇదే అనుకుంటున్నాను, బహుశా 1810 ప్రాంతంది.

వీటి వయసు తేల్చడానికి సాయం చేయండి. ఒక్కోటీ ఎక్కడ నిలబడి తీశారో కనుక్కుని, అదే చోటు నుంచి నేనూ ఒక ఫోటో తీయాలని ఉంది.

తపాలాబిళ్ల (విజయవాడ)

మంచి దొరుకుడు. ముందు కార్డుల వెనక వైపు చూడండి. ముఖం కంటే వీపే ఎక్కువ చెబుతుంది.

బ్రిటన్‌లో ప్రైవేటు వాళ్లు బొమ్మ కార్డులు అచ్చువేసి, అరపెన్నీ బిళ్ల అంటించి పంపుకోవడానికి 1894లో అనుమతి వచ్చింది. అప్పట్లో వెనక వైపంతా చిరునామాకే, కబురు ముందు వైపు బొమ్మ పక్కన ఖాళీలో ఇరికించాలి. 1902లో వెనక వైపును నిలువుగా రెండుగా చీల్చి ఒక సగం కబురుకు, ఒక సగం చిరునామాకు ఇచ్చారు. కాబట్టి నడిమి గీత ఉంటే 1902 లేదా ఆ తరువాతది. అరపెన్నీ ధర 1918 దాకా నడిచింది, తరువాత పెన్నీ అయింది.

ఆకుపచ్చ బిళ్ల మీద గడ్డం ఉన్న రాజు బోడితలతో కుడివైపు చూస్తుంటే ఏడవ ఎడ్వర్డ్, 1910 దాకా ఏలినవాడు. గడ్డం ఉన్న రాజే ఎడమవైపు చూస్తుంటే అయిదవ జార్జి.

ఒక జాగ్రత్త. తపాలా ముద్ర కార్డు వేసిన తేదీ, ఫోటో తీసిన తేదీ కాదు. ఒకే బొమ్మను అంగళ్లలో పదేళ్లు కూడా అమ్మేవారు. ముద్ర మీకు పై హద్దు మాత్రమే చూపిస్తుంది. బొమ్మ మూలన కంపెనీ పేరు, సంఖ్య ఉన్నాయేమో కూడా చూడండి. ఫ్రాన్సిస్ ఫ్రిత్ అనే ఆయన బ్రిటన్‌లోని ఊళ్లన్నింటినీ ఫోటోలు తీయాలని 1860 ప్రాంతంలో కంపెనీ పెట్టాడు. ఆయన 1898లో పోయినా కంపెనీ 1970ల తొలినాళ్ల దాకా నడిచింది. ఆ కంపెనీ కార్డు అయితే సంఖ్యను బట్టి ఏడాది తేలే వీలుంది.

చిప్పెనమ్ వాసి

ధన్యవాదాలండి. కార్డు 1 వెనక నడిమి గీత ఉంది. ఆకుపచ్చ అరపెన్నీ, గడ్డం, కుడివైపు చూపు. ముద్రలో జులై 1907 స్పష్టంగా చదవగలిగాను. కంపెనీ పేరు లేదు. మిగతా అయిదూ వాడని కార్డులు, నాలుగింటికి నడిమి గీత ఉంది, ఆబీ కార్డుకు లేదు.

నీడగడియారం (విశాఖపట్నం)

కార్డు 1ని వీలైనంత పెద్దగా స్కాన్ చేసి పెట్టండి. కింది అంచున ఏదో నల్లగా ఉంది. మరక కాదనిపిస్తోంది.

వెండి ఉప్పు (రాజమహేంద్రవరం)

బాబూ, మీ ఏడవ ఫోటో గురించి ముందు చెప్పాలి. 1810లో ప్రపంచంలో ఎక్కడా ఫోటో అనేది లేదు. అది తెలుసుకోవడానికి మీరు నిలబడిన ఊరికంటే మంచి చోటు భూమ్మీద లేదు. నేను ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం బోధించాను. లేకాక్ పేరు వింటే నాకు ఒంటి మీద రోమాలు నిలబడతాయి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

మీ నాలుగో కార్డులోని ఆబీ విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఇల్లు. 1833 అక్టోబరులో ఆయన ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున కూర్చుని కామెరా లూసిడా అనే పరికరం సాయంతో బొమ్మ గీయాలని చూశాడు. గీత కుదరలేదు. కెమెరా పెట్టెలోని కటకం కాగితం మీద పరిచే బొమ్మ తనంతట తానే అక్కడ నిలిచిపోతే ఎంత బాగుండునో అనుకున్నాడు. మరుసటి ఏడాది ఇంటికి వచ్చి పని మొదలుపెట్టాడు. కాగితాన్ని ఉప్పునీటిలో తడిపి ఆరబెట్టడం, దాని మీద సిల్వర్ నైట్రేట్ పూయడం, ఎండలో పెట్టడం. ఉప్పూ సిల్వర్ నైట్రేటూ కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది, అది వెలుగు సోకితే నల్లబడుతుంది. ఇందులో ఆయన పట్టుకున్న కిటుకు ఎంత సున్నితమైనదో చూడండి: ఉప్పు తక్కువైతే కాగితం వెలుగుకు చురుగ్గా స్పందిస్తుంది, ఉప్పు ఎక్కువైతే మొద్దుబారుతుంది. అందుకని పలచని ఉప్పునీటితో కాగితం తయారుచేసి, బొమ్మ పడ్డాక చిక్కటి ఉప్పునీటితో దాన్ని ఆపాడు. వంటింటి ఉప్పే, రెండు పనులకూ.

చిన్న చిన్న చెక్కపెట్టెలకు కటకాలు బిగించి ఇంటి చుట్టూ పెట్టేవాడు. ఆయన భార్య కాన్‌స్టన్స్ వాటిని ఎలుకబోనులు అనేది. 1835 ఆగస్టులో ఆ దక్షిణపు గోడ కిటికీని అలాంటి ఒక పెట్టెతో తీశాడు. తపాలా బిళ్లంత కాగితం. అందులో రెండు వందల దాకా ఉన్న అద్దం గళ్లను భూతద్దంతో లెక్కపెట్టవచ్చునని పక్కన రాసుకున్నాడు. మనకు మిగిలిన కెమెరా నెగటివ్‌లలో, అంటే తెలుపు నలుపులు తిరగబడిన బొమ్మల్లో, అన్నింటికంటే పాతది అదే.

తరువాత దాన్ని పక్కన పెట్టి వేరే పనుల్లో పడ్డాడు. 1839 జనవరిలో డాగెర్ అనే ఆయన ఫోటో తీసే పద్ధతి కనుక్కున్నాడని పారిస్ నుంచి వార్త వచ్చేసరికి ఉలిక్కిపడి, ఆ నెలాఖరుకే లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి తన పద్ధతిని వివరించాడు. డాగెర్ బొమ్మ వెండి పూసిన రాగిరేకు మీద పడేది. అద్భుతంగా ఉండేది, కానీ ఒక్కటే. టాల్బట్ బొమ్మ కాగితం మీద తిరగబడి పడేది. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా. దాన్ని ఇంకో కాగితం మీద పెట్టి ఎండ చూపిస్తే మళ్లీ తిరగబడి సరైన బొమ్మ వచ్చేది. ఒకటి కాదు, ఎన్నైనా. మీ చేతిలోని పోస్టుకార్డు, అలాంటివే అంగడిలో వందలు అమ్ముడవడం, ఇవన్నీ ఆ తిరగబడ్డ కాగితం సంతానమే.

ఇంకొక్క మాట. 1844లో టాల్బట్ లేకాక్‌లో ఒక తలుపు పక్కన ఆనించిన చీపురును ఫోటో తీశాడు. ఇంటి ముందు చీపురు కట్టను బొమ్మ తీయాలని అంతకుముందు ఎంతమందికి తోచి ఉంటుంది? పల్లె వీధిని ఫోటో తీసినవాళ్లందరికీ ఆ చీపురే మొదటి పాఠం అని నేను నమ్ముతాను.

బ్రిస్టల్ మేస్త్రి (బ్రిస్టల్)

అమ్మా, మీరు రాసింది చదివి ఈ శనివారం మళ్లీ అక్కడికి వెళ్లాలనిపిస్తోంది. నేను ఇక్కడ పాత కట్టడాల మరమ్మతు సంస్థలో పనిచేస్తున్నాను.

ఏడవ ఫోటో సంగతి తేలిక. బీబీసీ 1995లో ప్రసారం చేసిన ఒక ధారావాహిక కోసం లేకాక్ వీధిని మెరిటన్ అనే కల్పిత పట్టణంగా మార్చారు. తారు కనబడకుండా మట్టి పరిచారు, ఇళ్లకు అంగడి బోర్డులు తగిలించారు, కోచిలు తెచ్చారు. ఎవరో ఊరివాళ్లు చిత్రీకరణ రోజున తీసిన ఫోటో అయి ఉంటుంది. అది కూడా దాచుకోదగ్గదే. ఈ వీధి తన వయసు కాని వయసును ఎన్నిసార్లు ధరించిందో చెప్పడానికి అదొక సాక్ష్యం.

చిప్పెనమ్ వాసి

అర్థమైంది, ఏడవదాన్ని విడిగా పెట్టాను. స్కాన్లు జతచేశాను.

ఒక సంగతి నన్ను వదలడం లేదు. కార్డు 1ని నా ఫోన్లోని ఫోటో పక్కన పెట్టి చూశాను. పైకప్పులు అవే. పొగగొట్టాలు అవే. కిటికీల వరస అదే. నూట పదిహేనేళ్లకు పైగా గడిచినా ఏమీ మారలేదు. మా ఊళ్లో నేను చదువుకున్న బడి వీధి పదిహేనేళ్లలో గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. అందుకేనేమో, ఇక్కడికి వస్తే ప్రాణం కుదుటపడుతుంది.

పాతబాట (గుంటూరు)

మీ ప్రాణం కుదుటపడటాన్ని నేను కాదనను. కానీ "ఏమీ మారలేదు" అన్న మాటను ఒప్పుకోలేను. చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా ఆ మాట విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది. మీరు పైకప్పులను చూస్తున్నారు. ఒకసారి చూపు దించి నేలను చూడండి.

మీ స్కాన్‌లో నేల తెల్లగా ఉంది. అది రాతిపొడి, దుమ్ము. దాని మీద బండి చక్రాల గాట్లు. ఎడమవైపు గుర్రపు పేడ కుప్ప, దాని పక్కన ఎవరో వదిలేసిన పార. ముగ్గురు పిల్లలు నడివీధిలో నిలబడ్డారు, ఎవరూ వాళ్లను పక్కకు లాగడం లేదు. నాలుగు గుమ్మాల్లో ఆడవాళ్లున్నారు, ఒకామె చేతిలో ఏదో పని ఉంది. కుడివైపు ఒక గుమ్మం ముందు పీపా, ఇంకో గుమ్మం ముందు నిచ్చెన. ఈ వీధి ఒక పనిచోటు. ఇప్పుడు మీ ఫోన్లోని ఫోటో చూడండి: రెండు వైపులా నిలిపిన కార్లు, పూలకుండీలు, నడుస్తున్న నలుగురూ కెమెరాలు పట్టుకున్నవాళ్లు. వీధి చూడటానికి వచ్చే చోటు అయింది. గోడలు నిలిచాయి, గోడల ముందు జరిగేది పూర్తిగా మారింది. నాకు తెలిసినంతలో ఒక వీధికి ఇంతకంటే పెద్ద మార్పు లేదు.

గోడలు ఎందుకు నిలిచాయో కూడా అడగాలి. ఎవరూ ముట్టుకోకపోవడం వల్ల కాదు. మధ్యయుగాల్లో లేకాక్ ఉన్నితో బతికింది, ఆ డబ్బుతో కట్టిన ఇళ్లే ఇవి. యంత్రాల మిల్లులు వచ్చి పల్లెల్లో బట్ట నేసే బతుకు పోయింది. డబ్బున్న ఊళ్లు పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకున్నాయి. ఇక్కడ ఆ డబ్బు లేదు. పైగా ఊరు దాదాపు మొత్తం ఒకే కుటుంబం చేతిలో ఉంది. టాల్బట్ మనవరాలు మటిల్డా టాల్బట్ 1944లో ఆబీనీ ఊరినీ కలిపి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు దానంగా ఇచ్చింది. ఆ తరువాత మారకుండా ఉంచడమే ఒక వృత్తి అయింది. మనం అందంగా చూస్తున్నదాని అడుగున కొన్ని తరాల పేదరికం ఉంది. అది మరిచిపోతే ఆ గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్లను మనం చూడనట్టే.

బ్రిస్టల్ మేస్త్రి

పాతబాట గారూ, మీరు చెప్పిన దాంట్లో చాలావరకు నిజం. ఒకచోట మాత్రం అడ్డుపడతాను. మారకుండా ఉంచడాన్ని మీరు ఒక రకమైన నటనలా చెప్పారు. దగ్గరినుంచి చూస్తే అది మట్టి చేతుల పని. కరెంటు తీగలు స్తంభాల మీద కాకుండా భూమిలోనుంచి తీసుకుపోవాలి, టీవీ యాంటెనాలు వీధివైపు కనబడకూడదు. సున్నం గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక చెక్క కుళ్లుతుంది, కాబట్టి సున్నమే కలపాలి, దానికి రోజులు పడుతుంది. ట్రస్ట్ ఆ ఇళ్లను అద్దెకిస్తుంది, వాటిలో మనుషులు బతుకుతున్నారు. ఊళ్లో బడి ఉంది. ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్తే పర్యాటకులు ఉండరు, సంచులు తగిలించుకున్న పిల్లలుంటారు. మీరు చూడని వీధి అది.

ఇంకొకటి, గోడలు కూడా కార్డుల్లో ఉన్నట్టే ఉంటాయనుకోకండి. ఇంగ్లండు పల్లెల్లో చెక్క చట్రాల మీద సున్నపు పూత వేసి దాచేయడం, తరువాతి కాలంలో ఆ పూత చెక్కేసి చట్రాన్ని బయటికి చూపించడం చాలాచోట్ల జరిగింది. రెండో కార్డులో ఎడమనుంచి మూడో ఇంటిని ఇప్పటి ఇంటితో గీత గీతగా పోల్చండి. పాతదనం కొన్నిసార్లు కొత్తగా వచ్చి చేరుతుంది.

పాతబాట

బడి పిల్లల సంగతి నేను అనుకోలేదు. ఒప్పుకుంటున్నాను. పేదరికం సంగతి మాత్రం వదలను.

కొండవీటి గాలి (అమరావతి)

చర్చ మధ్యలో వస్తున్నాను, క్షమించండి. వెండి ఉప్పు గారు చెప్పిన కథ మన ఊరి దాకా వచ్చింది. టాల్బట్ పద్ధతి నుంచి వచ్చిన కాగితపు నెగటివ్‌లతోనే లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి 1857, 58లలో మద్రాసు ప్రెసిడెన్సీలోని గుళ్లను ఫోటోలు తీశాడు. ఆయనే 1858లో మద్రాసు మ్యూజియంలో ఉన్న మా అమరావతి స్తూపం రాళ్లనూ ఫోటోలు తీశాడు. వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి 1845లో తవ్వించి పంపిన రాళ్లవి. మరుసటి ఏడాదే వాటిని ఓడల మీద లండన్ పంపేశారు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన గడ్డ మీదనుంచి కదలకముందు అవి ఎలా ఉన్నాయో చూడాలంటే నాకు ఆ ఫోటోలే దిక్కు. అందుకే ఇలాంటి ప్రయత్నం ఎవరు ఎక్కడ చేస్తున్నా నాకు సొంత పనిలా అనిపిస్తుంది.

చిప్పెనమ్ వాసి

పాతబాట గారి మాటకు మొదట కొంచెం నొచ్చుకున్నాను. నిన్న సాయంత్రం కార్డు పట్టుకుని అక్కడికి వెళ్లాను. పైకప్పులు చూడకుండా నేలనే చూస్తూ హై స్ట్రీట్ ఈ చివరనుంచి ఆ చివరకు నడిచాను. మీరు చెప్పింది నిజం. ఆ ముగ్గురు పిల్లలున్న చోట నేను నాలుగు క్షణాలు కూడా నిలబడలేకపోయాను.

ఒక సందేహం. కార్డు 1లో కుడివైపు ఒక భవనం బొగ్గులా నల్లగా ఉంది. ఇప్పుడక్కడ ఎర్ర ఇటుకల రెడ్ లయన్ అనే సత్రం ఉంది. అప్పుడు నల్లరంగు వేశారా?

వెండి ఉప్పు

రంగు వేయలేదు బాబూ. అప్పట్లో ఎక్కువగా వాడిన గాజు ప్లేట్లకు ఎరుపు కనబడేది కాదు. నీలం మాత్రం అతిగా సోకేది. అందుకే ఆ కాలపు కార్డుల్లో ఎర్ర ఇటుక, ఎర్ర తపాలాపెట్టె నల్లగా, నీలాకాశం తెల్లకాగితంలా ఉంటాయి. మేఘాలు లేని ఆకాశం అని పొరబడకండి. ఆ ముగ్గురు పిల్లల్లో ఎవరైనా ఎర్ర గౌను వేసుకుని ఉంటే, మనం దాన్ని నల్లగౌను అనుకుంటున్నాం.

కొండవీటి గాలి గారూ, ఆ రాళ్ల ఫోటోల సంగతి నాకు తెలియదు. చాలా సంతోషం.

ఇంత మాట్లాడి ఊరుకోలేక నిన్న మా వరండాలో టాల్బట్ కాగితం తయారుచేశాను. నూటికి రెండు పాళ్ల ఉప్పునీటిలో మంచి డ్రాయింగు కాగితం తడిపి ఆరబెట్టాను. రాత్రి మసక దీపం దగ్గర నూటికి పన్నెండు పాళ్ల సిల్వర్ నైట్రేట్ కుంచెతో పూశాను. చేతి తొడుగు ఒకటి చిరిగి ఉండటం చూసుకోలేదు, రెండు వేళ్లు నల్లబడ్డాయి. పొద్దున మునగ రెమ్మను దాని మీద పరిచి అద్దంతో నొక్కి ఎండలో పెట్టాను. పావుగంటలో కాగితం లేతగులాబీ నుంచి ఊదాకు, ఊదా నుంచి చాక్లెట్ రంగుకు తిరిగింది. రెమ్మ తీస్తే ఒక్కో ఆకూ తెల్లగా నిలిచింది. బొమ్మ ఇక నల్లబడకుండా నిలిపే హైపో అనే రసాయనంలో కడిగాను. టాల్బట్‌కు ఆ హైపో కిటుకు చెప్పినవాడు జాన్ హెర్షల్. నెగటివ్, పాజిటివ్ అన్న మాటలను ఫోటోలకు అంటగట్టినవాడూ ఆయనే. ఆ మునగాకు బొమ్మను మా మనవరాలు తన పుస్తకంలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నీడగడియారం

మూడు రాత్రులు కూర్చుని లెక్క తేల్చాను.

కార్డు 1 కింది అంచున ఉన్నది మరక కాదు, నీడ. మూడు కాళ్ల స్టాండు, దాని వెనక గుడ్డ కప్పుకుని వంగిన మనిషి. ఫోటోగ్రాఫరు తన నీడను తానే తీసుకున్నాడు. అంటే సూర్యుడు ఆయన వీపు వెనక ఉన్నాడు. హై స్ట్రీట్ దాదాపు తూర్పు పడమరలుగా పోతుంది, ఆయన పడమటికి చూస్తున్నాడు. కాబట్టి ఉదయం.

ఎంత ఉదయం? ఎడమవైపు గుమ్మం పక్కన నిలిపిన కంచె గుంజ నీడ, ఆ గుంజ ఎత్తుకు దాదాపు ఒకటిన్నర రెట్లుంది. అంటే సూర్యుడు నేలకు 34, 35 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. నీడ వీధి వెంబడే పడుతోంది, అంటే సూర్యుడు తూర్పుకు పిసరంత దక్షిణంగా ఉన్నాడు. లేకాక్ అక్షాంశం 51.4 డిగ్రీలు. దాదాపు తూర్పున ఉన్న సూర్యుడు అక్కడ అంత ఎత్తుకు రావాలంటే నడివేసవి అయి తీరాలి. జూన్ మొదటి వారం, లేదా జులై రెండో వారం. గడియారంలో ఉదయం ఎనిమిది. అటూ ఇటూ వారం పొరపాటు ఉండవచ్చు.

మన విశాఖలో ఉన్నవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మనకు ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు నడినెత్తిన నిలబడి నీడ కాళ్ల కిందికి పోతుంది. అక్కడ జూన్ 21 మధ్యాహ్నం కూడా సూర్యుడు 62 డిగ్రీలు దాటడు. డిసెంబరు మధ్యాహ్నం 15 డిగ్రీలే, మనిషి నీడ మనిషికి మూడున్నర రెట్ల పైనే ఉంటుంది. అందుకే ఆ దేశపు ఫోటోల్లో నీడలు ఇంత మాట్లాడతాయి.

చిప్పెనమ్ వాసి గారూ, ఒక హెచ్చరిక. బ్రిటన్‌లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం 1916లో మొదలైంది. మీ కార్డు అంతకుముందుది. ఆయన ఎనిమిది మీకు తొమ్మిది. ఎనిమిదికి వెళ్తే నీడ కుదరదు.

బ్రిస్టల్ మేస్త్రి

చోటు పట్టుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. మొత్తం బొమ్మను సరిపోల్చాలని చూడకండి. దగ్గరి గోడ అంచు ఒకటి, దూరపు పొగగొట్టం ఒకటి ఎంచుకోండి. కార్డులో పొగగొట్టం గోడ అంచుకు ఎంత పక్కన కనబడుతోందో చూసి, మీకూ అలాగే కనబడేదాకా ఎడమకూ కుడికీ జరగండి. అలాంటి జంట వీధికి అటువైపు ఇంకొకటి పట్టుకోండి. రెండూ ఒకేసారి కుదిరిన చోటు ఒక్కటే ఉంటుంది. ఎత్తు కూడా ముఖ్యం. స్టాండు నీడను బట్టి ఆయన కెమెరా ఛాతీ ఎత్తున ఉంది.

తపాలాబిళ్ల

వెనకవైపు కబురును పెద్దది చేసి చదివాను. పెన్సిలు రాత, సగం చెరిగింది. రాసింది ఆడమనిషి, చెల్లెలికి. × గుర్తు పెట్టింది తాను పడుకునే గది కిటికీ అని రాసింది. ఎండుగడ్డి పనులు నడుస్తున్నాయని, వచ్చే నెల సెలవు దొరికితే వస్తానని. సొంత ఇల్లు అయితే సెలవు మాట ఉండదు కదా. ఆ ఇంట్లో పనికి కుదిరిన అమ్మాయి అనుకుంటున్నాను.

పాతబాట

ఆ అమ్మాయి కోసమే నేను ఇంత వాదించింది.

చిప్పెనమ్ వాసి
(జూన్ మొదటి వారం)

ఈ ఉదయం తొమ్మిదికి వెళ్లాను. బ్రిస్టల్ మేస్త్రి గారు చెప్పినట్టే రెండు జంటలు పట్టుకున్నాను. ఒకటి కుదిరితే ఒకటి తప్పుతూ ఇరవై నిమిషాలు తిప్పలు పెట్టింది. ఉన్నట్టుండి రెండూ కలిశాయి. నా నీడ నేల మీద కార్డులో ఉన్న చోటే పడింది. కాసేపు కెమెరా ముట్టుకోలేకపోయాను.

కానీ ఒక తేడా ఉంది. కార్డులో × గుర్తు ఇంటి కింద, గోడ వారగా పొడుగాటి పూలకాడలు కిటికీ దాకా నిండుగా పూసి ఉన్నాయి. అక్కడ తోటపని చేస్తున్న ఒక పెద్దావిడకు కార్డు చూపించాను. హాలీహాక్ అని చెప్పారు, మన మందార కుటుంబానిదే. ఇప్పుడు అదే వీధిలో ఉన్న హాలీహాక్‌లు మోకాలెత్తు ఆకులే. జులై రాకుండా పూయవని అన్నారు.

నీడగడియారం

అయితే జూన్ పోయింది. జులై రెండో వారం. 1907 లేదా అంతకుముందటి ఏదో ఒక జులై. మీరు మళ్లీ వెళ్లక తప్పదు.

చిప్పెనమ్ వాసి
(జులై రెండో వారం)

వెళ్లాను. ఈసారి మా పాపను వెంట తీసుకెళ్లాను, ఎనిమిదేళ్లు. కార్డులో నడిమి పిల్ల నిలబడ్డ చోట నిలబడమన్నాను. పది అంకెలు లెక్కపెట్టేదాకా కదలకు అని చెప్పాను. నాలుగు దగ్గర కారు వచ్చింది. పక్కకు తప్పుకుంది. మళ్లీ నిలబడింది. ఆరు దగ్గర ఇంకో కారు. మూడోసారి వచ్చిన కారాయన స్టాండునూ నా చేతిలోని పాత కార్డునూ చూసి, ఇంజను ఆపి, కిటికీ దించి, కానివ్వమన్నట్టు తల ఊపారు. వెనక ఇంకో రెండు కార్లు ఆగాయి. ఎవరూ హారను కొట్టలేదు. పాప పది దాకా నిలబడింది.

ఫోటో జతచేశాను. హాలీహాక్‌లు ఈసారి ఉన్నాయి, కార్డులోని ఇంటి ముందు కాదు, రెండిళ్ల అవతల. × గుర్తు ఉన్న కిటికీ చాలా చిన్నది, చూరు కిందికి ఉంది. వేసవిలో ఆ గది ఉడికిపోతుందనుకుంటాను. కార్లు చెరపలేదు, ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. పాతబాట గారు చూడాలి కదా.

తన నీడ ఎందుకు తక్కువ ఉందని పాప అడిగింది. నీడగడియారం గారూ, పిల్లలకు అర్థమయ్యేలా మీరే చెప్పాలి.

అయిదో కార్డు, ఆ సైకిలు సందు, ఇంకా తేలలేదు. నాలుగు వీధులూ రెండుసార్లు తిరిగాను. కుడి మూలన రాతి మెట్టు ఒకటి, దాని పక్కన ఇనప కొక్కెం కనబడుతున్నాయి. ఇంకాస్త పెద్దగా స్కాన్ చేసి రేపు పెడతాను.